లిఫ్టు మెకానిక్ చూపించిన నగరం

"ఇదే రాజుగారి పాత కోట," అన్నాను, సొంత తాతగారి ఇల్లు చూపిస్తున్నంత ధీమాగా.

మా ఆవిడ తలెత్తి ఆ రాతి భవనాన్ని పైనుంచి కిందకి చూసింది. గేటు పక్కనున్న ఇత్తడి పలక దగ్గరకు వెళ్లి, గొడుగు నేలకి ఆనించి, తీరిగ్గా చదివింది.

"నీటి సరఫరా, మురుగు కాలువల శాఖ," అంది. "రాజుగారు ఏ సెక్షన్‌లో కూర్చునేవారండీ?"

"కోట పక్క వీధిలో ఉందనుకుంటా..."

"పోనీలెండి. పొద్దున చూపించిన ఆర్ట్ మ్యూజియం మాత్రం అద్భుతం. పరుపుల షోరూములో అన్ని బొమ్మలు పెట్టడం నేనెక్కడా చూళ్లేదు."

పెళ్లయిన పదకొండో రోజున కంపెనీ నన్ను ఏడాది కాంట్రాక్టు మీద ఈ దేశానికి పంపింది. లిఫ్టులు బాగుచేసే పని. తన వీసా ఏడు నెలల పాటు ఎవరి టేబుల్ మీదో విశ్రాంతి తీసుకుంది. ఆ ఏడు నెలలూ నేను రోజూ సాయంత్రం ఫోన్లో ఈ నగరాన్ని వర్ణించాను. నదిలో పడవలు, గాజు వంతెన, కోట, ఒకటేమిటి! మూడు రోజుల కిందట తను మూడు వారాల సెలవు పెట్టి దిగింది. ఇవాళ నాకు సెలవు. వర్ణించినవన్నీ చూపించాల్సిన రోజు.

చిన్న ఇబ్బంది ఏమిటంటే, వాటిలో ఒక్కటీ నేను చూడలేదు.

వాన మొదలైంది. బస్టాపు రేకు కిందకి పరిగెత్తాం. గొడుగు తన చేతిలోనే ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి," అంది. "పడవ ఎక్కారా?"

"లేదు."

"గాజు వంతెన?"

"బస్సులోంచి... ఒక చివర కనిపించింది."

"మరి సెలవు రోజుల్లో ఏం వెలగబెట్టారు?"

"బట్టలుతుక్కున్నాను. పడుకున్నాను. ఒకసారి పడవల దాకా వెళ్లాను. క్యూలో అందరూ జంటలే. కౌంటర్లో ఆవిడ ఎంతమందని అడిగింది. ఒక్కణ్ణే అనలేక వెనక్కొచ్చేశాను. గదిలో ఒంటరిగా పడున్నానని చెబితే నువ్వు బెంగపడతావని..."

"పడితే? అరిగిపోతానా?"

ఈసారి తన మాటలో వెటకారం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"రోజంతా పిల్లలతో మాట్లాడి ఇంటికొచ్చాక నాకు కావలసింది మొగుడండీ, టూరిస్టు గైడు కాదు." తను పిల్లల ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. మాట రాని పిల్లలకి మాట నేర్పడం తన పని. "మీరు ఏదో టూరిస్టు పుస్తకం చూసి చదువుతున్నారని నాకు మొదటి వారమే తెలుసు. చదివే మనిషి కామా దగ్గర ఊపిరి తీసుకుంటాడు. నా ఉద్యోగమే అది."

"తెలిసీ ఎందుకు విన్నావు?"

"ఏదో ఒక రోజు ఆ పుస్తకం పక్కన పెట్టి మాట్లాడతారేమోనని."

బస్సు వచ్చింది, మా మీద నీళ్లు చిమ్మి వెళ్లింది. తను చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"ఈ ఊళ్లో మీకు నిజంగా తెలిసింది ఏమన్నా ఉందా?"

"లిఫ్టులు."

"పదండి. అవే చూద్దాం."

మొదట పాత లైబ్రరీకి తీసుకెళ్లాను. లిఫ్టుకి ఇనప కటకటాల తలుపు, లోపల కూర్చోడానికి చెక్క బల్ల. "తొంభై ఏళ్ల ముసలిది. మూడో అంతస్తు దగ్గర దగ్గుతుంది, చూడు," అన్నాను. అది నా పరువు నిలబెట్టి గట్టిగా దగ్గింది. మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కోసం నాలుగో అంతస్తు నుంచి మళ్లీ కిందకి, మళ్లీ పైకి వెళ్లాం. మూడోసారికి లైబ్రేరియన్ కళ్లద్దాల మీంచి చూశాడు.

తర్వాత ఆసుపత్రి లిఫ్టు. "మంచం మీద పేషెంటు ఉంటాడు కదా, ఆగినప్పుడు కుదుపు తెలియకూడదు. నిండు గ్లాసు నీళ్లు నేల మీద పెట్టి, చుక్క తొణక్కుండా ఆగేదాకా రెండు రోజులు కూర్చున్నాను."

తను నా చొక్కా కాలరు సరిచేసింది, అంతే.

బయటికొచ్చి, మబ్బుల్ని తాకుతున్నట్టున్న టవరు చూపించింది. "అది?"

"అందులో లిఫ్టులు మా కంపెనీవే. ఎనభై ఆరు అంతస్తులు. నెలకి రెండుసార్లు వస్తాను."

"పైనుంచి ఊరంతా కనిపిస్తుందటగా?"

"నాకు గోడే కనిపిస్తుంది. లిఫ్టు నడిచే చీకటి గొట్టంలోనే కదా నా పని."

పైకి వెళ్లాం. తలుపులు తెరుచుకున్నాయి. పై అంతస్తులో గోడలు గాజు, నేల కూడా గాజు. గొట్టంలో ముక్కు ముందు గోడ ఉంటుంది, నడుముకి బెల్టు ఉంటుంది. ఇక్కడ నా బూట్ల కింద ట్రాఫిక్ ఉంది! దగ్గర్లో ఉన్న స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాను.

"ఏమండీ, ఆ స్తంభం కూడా మీ కంపెనీదేనా?"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోన్‌కి మా అమ్మ వీడియో కాల్ చేసింది.

"వాణ్ణి పైకి ఎక్కించావా తల్లీ!" అని కేక. "చిన్నప్పుడు గాలిపటం కోసం మేడెక్కి, దిగలేక ఏడిస్తే, వాళ్ల నాన్న మూటలా భుజాన వేసుకుని దించారు."

"పెళ్లిచూపుల్లో చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే ఒప్పుకునేదానివా?" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

తను వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కళ్లు మూసుకో. నేనున్నాగా."

అంత భయంలోనూ 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని గమనించాను. కళ్లు మూసుకుంటే ధైర్యం వచ్చింది, చెప్పేశాను. "ఇంకో రెండేళ్లు ఉండమంటున్నాడు మేనేజరు. నిన్ను అడిగి చెబుతానన్నాను."

నా వేళ్లు నిమురుతున్న తన చెయ్యి ఆగింది.

"నాకూ ఒకటుంది," అంది. "మా ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ విభాగం మొత్తం నన్ను చూసుకోమంటున్నారు. నీ మొహం చూశాక చెబుదామని ఆగాను. నువ్విక్కడ సుఖంగా ఉన్నట్టు కనిపిస్తే ఆ ఉద్యోగం మానేసి ఇక్కడే ఉండిపోదామని."

"ఎలా ఉంది మొహం?"

"ప్రస్తుతానికి ఆకుపచ్చగా ఉంది."

"ఒప్పుకో," అన్నాను.

"నన్ను పంపించేస్తావా?"

"ఐదు నెలల్లో నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించొద్దని రేపే చెబుతాను. లిఫ్టులు మన ఊళ్లో కూడా చెడిపోతాయిలే. మాట రాని నీ పిల్లలు ఇక్కడికి రాలేరు కదా."

కళ్లు తెరిచాను. కిందకి కాదు, తన వైపు. తన ముక్కు ఎర్రబడింది, చెంపలు తడిశాయి. వాన నీళ్లని బుకాయించే వీల్లేదు, మేం లోపలున్నాం.

"ఇంకా ఐదు నెలలు ఫోన్లే," అంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఏం మాట్లాడతావు?"

"కూరలో ఉప్పెక్కువైందని. మోకాళ్ల నొప్పులని. నువ్వు లేక బాలేదని."

"ఆ మూడోది ముందు చెప్పు," అంది.