నడిమి పలక మీద పేరు

చెక్క మీద కాన్వాసు గుడ్డ బిగించిన పడవను పెట్టుకోవడమంటే చంటిపిల్లను పెంచినట్టే. ఎండ తగలకూడదు, రాయి తగలకూడదు, తడితో మూలన పడెయ్యకూడదు. దుకాణంలో ప్లాస్టిక్ పడవలు దొరుకుతుంటే ఈ చాకిరీ ఎందుకని అడిగితే, అమెరికాలో ఉత్తర మెయిన్ అడవుల్లో ఆ సరస్సు ఒడ్డు జనం నవ్వి ఊరుకుంటారు. జవాబు చెప్పి ఒప్పించేంత ఓపిక వాళ్ళకు లేదు.

క్లోవిస్ పెల్టియర్ వాళ్ళలో ఒకడు. అరవైకి దగ్గర పడ్డాడు. పాత పడవలకు కొత్త గుడ్డ వేయడం అతని పని. మొదటినుంచీ మాట తక్కువ మనిషి. అన్న లూసియన్ పోయిన తర్వాత ఆ కాస్త మాటా పోయింది. కిందటి అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ వేటకు వెళ్ళి వస్తుంటే గాలికి పడవ బోల్తా పడింది. క్లోవిస్ ఒక్కడే ఒడ్డు చేరాడు. మర్నాడు పడవ కొట్టుకొచ్చింది, లూసియన్ రాలేదు. “అన్నయ్య చెయ్యి జారిపోయింది,” అన్నాడు క్లోవిస్. ఊరు నమ్మింది. శవం దొరక్కముందే సరస్సు గడ్డకట్టేసింది.

ఫిబ్రవరిలో లూసియన్ కూతురు అడేల్ అతను పడవలు బాగుచేసే కొట్టంలోకి వచ్చి నిలబడింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తండ్రి పోలిక, తండ్రి మొండితనం.

“నాన్న పడవకి గుడ్డ వేద్దాం బాబాయ్. నేనూ చేస్తాను. మంచు కరిగాక అందులోనే అవతలి ఒడ్డుకి, నాన్న గుడిసెకి వెళ్దాం.”

క్లోవిస్ తల ఊపి పనిముట్ల పెట్టె తీశాడు. ఆ పిల్ల ముఖంకేసి మాత్రం చూడలేదు.

పాత గుడ్డ ఊడదీశారు. కింద దేవదారు పలకలు తేనెరంగులో బయటపడ్డాయి. కొత్త గుడ్డ వేసేముందు పాత పేర్లు చెరిపేసి, ఆ పలకల మీద పెన్సిలుతో కొత్తగా పేర్లు రాయడం అక్కడి ఆనవాయితీ. పడవలో ఎక్కబోయేవాళ్ళ పేర్లు, ఎవరు కూర్చునే చోట వాళ్ళవి. పైన గుడ్డ బిగించి, లప్పం పట్టించి, రంగు వేశాక మళ్ళీ ముప్పై ఏళ్ళకు గానీ ఆ పేర్లు వెలుగు చూడవు. దానికి ఒక్కటే కట్టుబాటు. బతికున్నవాళ్ళ పేర్లే రాయాలి. పేరు రాశావంటే చోటిచ్చావన్నమాటే.

ముందు భాగంలో అడేల్ తన పేరు రాసుకుంది. వెనక భాగంలో క్లోవిస్ రాశాడు. ఆమె ప్లోయ్ అనే అక్కడి అట్లు వెయ్యడానికి ఇంట్లోకి వెళ్ళింది. క్లోవిస్ చేతిలో పెన్సిలు ఇంకా ఉంది. అన్నకి ఇవ్వాల్సింది ఏదీ ఇవ్వలేదు, ఈ మాత్రమైనా ఇద్దామనుకున్నాడో ఏమో, నడిమి పలక మీద ‘లూసియన్’ అని రాసి, ఆమె వచ్చేలోపు దాని మీదికి గుడ్డ లాగేశాడు.

పిచ్చి పనే. దుఃఖంలో ఉన్నవాడికి బుద్ధి చెప్పేదెవరు?

మే నెలాఖరున ఒక మధ్యాహ్నం బయల్దేరారు. గాలి లేదు. అడేల్ ముందు, సరస్సుకేసి ముఖం పెట్టి కూర్చుంది. క్లోవిస్ వెనక కొసన కూర్చున్నాడు. నడుమ ఒక గుడారం, ఒక తిండిపెట్టె. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతున్న పడవ నీళ్ళమీద హాయిగా సాగింది. సగం దూరం వెళ్ళేసరికి పొగమంచు దిగింది. ఒడ్లు రెండూ కనబడకుండా పోయాయి. తెడ్ల చప్పుడు, వాటి నుంచి కారే చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అడేల్ మెల్లగా నవ్వింది.

“ఎందుకు నవ్వుతున్నావే?”

“నువ్వే కదా అన్నావు, నా తెడ్డు కోడి గీరినట్టుందని.”

క్లోవిస్ అలా అననే లేదు. ఆ మాట లూసియన్‌ది. ఆమె చిన్నప్పటినుంచీ అలాగే వెక్కిరించేవాడు.

పొగమంచు వల్ల గొంతులు అటూ ఇటూ అవుతాయని సర్దిచెప్పుకున్నాడు. అప్పుడే వాసన వచ్చింది. నల్లీగలు కుట్టకుండా వేటగాళ్ళు రాసుకునే తారు నూనె వాసన. ఆ రోజు వాళ్ళిద్దరిలో ఎవరూ రాసుకోలేదు.

“బాబాయ్, తెడ్డు కాస్త మెల్లగా వెయ్యి. నీళ్ళు నా వీపు మీద పడుతున్నాయి.”

క్లోవిస్ తన చేతులకేసి చూసుకున్నాడు. తెడ్డు ఎప్పుడో ఆగిపోయింది. అది అతని ఒళ్ళో ఉంది. పైగా అతనికీ ఆమెకీ మధ్య పది అడుగుల దూరం.

పడవ అంచుకేసి చూశాడు. ఇద్దరు మనుషులు, ఇంత సామాను... నీళ్ళు అంచుకి జానెడు కిందుండాలి. నాలుగు వేళ్ళ ఎడమే ఉంది. కారుతోందేమోనని అడుగు తడిమాడు. పొడి పొడిగా ఉంది. కారడం లేదు. బరువు. మూడో మనిషి బరువు.

మూడు వేళ్ళు...

తిండిపెట్టెను నీళ్ళలోకి నెట్టేశాడు.

“ఏంటా చప్పుడు?”

“ఏం లేదమ్మా. వెనక్కి తిరక్కు. తెడ్డు వెయ్యి.”

గుడారాన్నీ నెట్టేశాడు. పడవ వెంట్రుకవాసి కూడా పైకి తేలలేదు. ఇంకా దిగింది. రెండు వేళ్ళు. మే నెలలో ఆ సరస్సు నీళ్ళు మంచుతో సమానం. అందులో పడితే పావుగంట కూడా బతకరు. అది అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మొలలో కత్తి ఉంది. నడిమి పలక దగ్గర గుడ్డ చీల్చి ఆ పేరు చెరిపెయ్యొచ్చు. కానీ నడి సరస్సులో గుడ్డ చీలిస్తే పడవ మిగలదు. పిల్లా మిగలదు. తను చస్తే చచ్చాడు... ఆ పిల్ల ఏం పాపం చేసింది?

క్లోవిస్ ముందుకు వంగాడు. ఖాళీగా ఉన్న నడిమి చోటుకేసి చూస్తూ గొణిగాడు.

“అన్నయ్యా...”

చుక్కల చప్పుడు ఆగింది.

“నీ చెయ్యి జారలేదు. నా కోటు పట్టుకున్నావు. ఇద్దరం పోతామనిపించింది. నేనే... ఒక్కొక్క వేలూ విప్పాను. నువ్వు నా కళ్ళల్లోకి చూస్తూనే ఉన్నావు.”

నీళ్ళు అంచుని తాకుతున్నాయి. ఒక్క చుక్క లోపలికి దొర్లింది.

“అది నీ కూతురు. దాన్ని ఒడ్డున దింపెయ్. తర్వాత నన్నేం చేసినా... నీ ఇష్టం.”

పడవ కదిలింది. క్లోవిస్ తెడ్డు వెయ్యలేదు. అడేల్ ఒక్కతీ వేస్తే అంత వేగం రాదు. పడవ తిన్నగా, బాగా తెలిసిన దారిన వెళ్తున్నట్టు వెళ్ళింది. పొగమంచులోంచి గుడిసె కప్పు కనబడింది. ముందు కొస ఇసుకను ఒరుసుకుంది.

అడేల్ దిగి ఒడ్డెక్కింది. క్లోవిస్‌కి ప్రాణం లేచొచ్చింది. పిల్ల బతికింది, ఇంకేం కావాలి అనుకున్నాడు. తనూ లేవబోయాడు. లేవలేకపోయాడు. భుజాల మీద నీళ్ళ కుండలు పెట్టినట్టుంది.

అడేల్ వెనక్కి తిరిగింది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఆమె అంతా విన్నదని అప్పుడు తెలిసింది అతనికి.

“అమ్మడూ... చెయ్యందించవే.”

ఆమె అతనికేసి చూడలేదు. పడవ నడుమకేసి చూస్తోంది. చలికి వణుకుతూనే తల ఊపింది.

“అలాగే నాన్నా,” అంది మెల్లగా. “పొయ్యి వెలిగించుకుంటాను. తలుపు గడియ పెట్టుకుంటాను.”

గుడిసెవైపు నడిచి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

పడవ ఇసుకను వదిలి వెనక్కి జరిగింది. క్లోవిస్ నడిమి చోటుకేసి చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పొగమంచు మళ్ళీ కమ్మింది. తారు నూనె వాసన పోయింది. బరువు దిగినట్టు పడవ తేలికైంది. అన్న క్షమించాడేమో... కూతురితో పాటే దిగిపోయాడేమో... కళ్ళు తెరిచాడు. నడిమి చోటు ఖాళీగా ఉంది. తడి మరక కూడా లేదు.

పడవ మాత్రం వెళ్తూనే ఉంది.

తెడ్డు పడుతున్న చప్పుడు, నిదానంగా, అలుపు లేకుండా, అతని వెనక నుంచి వస్తోంది. అతను కూర్చున్నది పడవ వెనక కొసన. అతని వెనక కూర్చోవడానికి చోటు లేదు.