అయాన్లకూ చోటు కావాలి

ఎల్లారెడ్డిలో ఆ ఉదయం యేసుబాబు వాకిట్లో కూర్చుని ఎవరిదో ట్రాక్టర్ బ్యాటరీ మూతలు విప్పుతున్నాడు. అతని భార్య సాలవ్వ కూతురు రూత్ చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరడానికి రూత్‌కు అదే చివరి రోజు. చేరితే, హైదరాబాదులో ఆరేళ్లుగా చేస్తున్న పరిశోధన ఆగిపోతుంది.

"తొమ్మిదింటి బస్సుకు పోతవా?" అంది సాలవ్వ.

"నువ్వే చెప్పు అవ్వా."

"నేనేం చెప్త? ఉప్పునీళ్లు, కరెంటు, లెక్కలు. ఆరేండ్ల సంది గదే. ఇంక ఒడవదా?"

రూత్‌కు కోపం రాలేదు. రాకపోవడం చూసే ఆమెకు భయం వేసింది.

యేసుబాబు తలెత్తలేదు. "నువ్వచ్చి నెల దినాలాయె. మీ గైడు సారు ఏమంటుండు?"

"లెక్క తప్పన్నడు, బాపూ."

ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఏడ తప్పింది?"

"ఉప్పునీళ్లల్ల రేకు పెట్టి కరెంటిస్తే, నీళ్లల్ల అయాన్లు రేకు పక్కకు గుమిగూడుతయి. అవెన్ని పడతయో కంప్యూటర్ల లెక్క కట్టిన. వాటికి సైజు లేదనుకున్న. కరెంటు తక్కువుంటే గట్ల అనుకోవచ్చు. పెంచినంక గూడ గదే లెక్క పెట్టిన. పట్టనన్ని పట్టినట్టు వచ్చింది. రెండేండ్ల పని పాయె."

యేసుబాబు చేతులు ఆగిపోయాయి. "మళ్ల కట్టరాదా?"

"ఏడాది పడతది. గప్పుడు గూడ తప్పితే?" రూత్ తల్లి వైపు తిరిగింది. "చెప్పవ్వా. పొమ్మంటే పోత."

సాలవ్వ తల అడ్డంగా ఊపింది.

"నేను పొమ్మనాలె. పదేండ్లయినంక నువ్వు, 'మా అవ్వ చదువనియ్యలే' అనాలె. నెల సంది నాతోని గదే అనిపియ్య చూస్తున్నవు. నేనన."

రూత్ కాదనబోయింది. కానీ ఆ వాక్యాన్ని నెల రోజులుగా ఆమె మనసులో దిద్దుకుంటూనే ఉంది. ఎవరితో ఎలా అనాలో, ఎక్కడ నిట్టూర్చాలో కూడా. గోడకు ఆనుకుని ఏడ్చింది. ఓదార్చడానికి ఎవరూ రాలేదు. చివరికి ఫోన్ తీసి, "నేను చేరడం లేదు సార్," అని కాలేజీకి చెప్పింది. ధైర్యం మాత్రం రాలేదు.

సాలవ్వ వచ్చి పక్కన నేల మీద కూర్చుంది.

"అయాన్లంటే ఏంది బిడ్డా?"

ఆరేళ్లలో తల్లి ఈ మాట ఎన్నిసార్లు అడిగిందో రూత్‌కు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ప్రతిసారీ తను ఇచ్చిన జవాబు ఒకటే: నీకు సమజ్ గాదు.

కళ్లు తుడుచుకుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.