నలభైకి సున్నా

సువా మార్కెట్లో చామదుంపల కుప్ప మీదికి ఐవానే బోర్లా వాలిపోయాడు. మెడ వెనక చిన్న సూది గాటు. అప్పటిదాకా అతని పక్కనే పూలు బేరమాడిన అందగత్తె మరి కనబడలేదు.

ఆమె కోడ్‌నేమ్ ఆర్కిడ్. ఐవానే పనిచేసే గూఢచారి సంస్థ ఉప్పు తింటూనే అవతలి ముఠాకు అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్. ఐవానే అక్క లోసా కూడా ఏజెంటే. తమ్ముడి గొలుసు మెళ్ళో వేసుకుని మూడు నెలలు వెతికింది.

ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి సంస్థ చీఫ్ డన్‌మోర్ కబురు పెట్టాడు.

"ఆర్కిడ్‌ది ఇప్పుడు కొత్త మొహం, కొత్త పేపర్లు. ఇక్కడ వలస వచ్చినవాళ్ళ ఇంగ్లీష్ కాలేజీలో చేరింది. రేపు పొద్దున పదకొండింటికి అక్కడికి నేవీ అడ్మిరల్ వస్తాడు. పూలగుత్తి ఇచ్చేది మొదటి లెవల్ వాళ్ళు. వాళ్ళలోనే ఉంటుంది. నాకు ప్రాణాలతో కావాలి, లోసా."

"ప్రయత్నిస్తాను సార్."

"అది మాటివ్వడం కాదు."

"కాదు సార్."

పదీ నలభై. టీ అందించే మనిషి వేషంలో లోసా కాలేజీ స్టాఫ్ రూంలో ఉంది. మొదటి లెవల్లో పంతొమ్మిది మంది ఆడవాళ్ళు. అందరూ పోయినవారం ఆన్‌లైన్ టెస్ట్ రాసినవాళ్ళే. లోసా ఎవరో తెలిసిన టీచర్ నరేల్ స్క్రీన్ మీద మార్కులు చూపించింది.

"తొమ్మిది, పన్నెండు, ఎనిమిది... ఈ పద్నాలుగో నంబరు చూడు తల్లీ, నలభైకి సున్నా. పాపం, ఒక్క ముక్క రాదు."

"ప్రశ్నకి ఎన్ని జవాబులిస్తారు?"

"నాలుగు. ఒకటి నొక్కితేగానీ ముందుకు పోనివ్వదు."

లోసా లేచి నిలబడింది. "ఏమీ రానిదానికి గుడ్డిగా నొక్కినా పది తగులుతాయి నరేల్. నలభైకి నలభై తప్పాయంటే, మొదటి లెవల్లో పడడానికి నలభైకీ జవాబు తెలిసే తప్పించిందన్నమాట."



పదకొండు. హాల్లో చప్పట్లు. పద్నాలుగో నంబరు నవ్వుతూ గుత్తి చాచింది. అడ్మిరల్ చెయ్యి ఇంకో జానెడు దూరంలో ఉండగా లోసా ఆమె మణికట్టు పట్టి మెలితిప్పింది. పూలు రాలాయి. కాడల మధ్య సూది మెరిసింది. మరుక్షణం అది లోసా చేతిలో, ఆర్కిడ్ గొంతు దగ్గర ఉంది.

"ఐవానే అక్కవి కదూ!" ఆర్కిడ్ ఇంగ్లీషు ఎక్కడా తడుముకోకుండా వచ్చింది. "పొడు. ధైర్యం లేదా?"

తమ్ముడి గొలుసు లోసా మెడకు చల్లగా తగిలింది.

"తల్లీ, వద్దు!" వెనక నుంచి నరేల్ అరిచింది.

"చస్తే నీకు ఒక్క క్షణం. నా తమ్ముడికీ అంతే పట్టింది," అంది లోసా. "నీకంత తేలిగ్గా పోనివ్వను. ముసలిదానివయ్యేదాకా గోడలు చూస్తూ కూచో."

సూది నేల మీద పడేసి బేడీలు వేసింది.

"జైల్లోనూ ఇంగ్లీష్ క్లాసులుంటాయి. మళ్ళీ టెస్ట్ పెడతారు. ఈసారైనా సిగ్గుపడకుండా ఓ పది రైటు చెయ్యి."