బరువు మోసే గోడ

వెల్లుల్లి వేయించి, రాత్రి మిగిలిన అన్నం అందులో కలుపుతున్న రెమెదియోస్ చేయి ఆగిపోయింది. పెరటి షెడ్డులోంచి డ్రిల్లు మోత వినిపించింది. ఫెలిమోన్ అప్పుడే లేచాడు కాబోలు అనుకుంది. అనుకుంటూనే తను వేసుకున్న నల్ల గౌను చూసుకుంది.

ఆమె భర్త ఫెలిమోన్ పోయి ఈ శనివారానికి ఏడాది. ఆ రోజు ప్రార్థన చేయించి, అందరికీ భోజనం పెట్టి, ఆమె ఏడాదిగా వేసుకుంటున్న సంతాపపు నలుపు విడుస్తుంది. అదే రోజు తమ్ముడు క్రిస్పిన్ జీపు తెచ్చి ఫెలిమోన్ పనిముట్లన్నీ తన షాపుకి తీసుకుపోతాడు. లగూనా సరస్సు పొంగినప్పుడల్లా ఈ వీధి ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లొస్తాయి. పోయిన వానాకాలం షెడ్డులో నేలమీదున్న సామానంతా ఆ నీళ్లలోనే నానింది. "నా షాపు మెట్టమీదుంది అక్కా. ఇక్కడుంటే ఇనుమంతా మట్టయిపోతుంది" అన్నాడు క్రిస్పిన్. కాదనడానికి ఆమెకు కారణం దొరకలేదు. నిజానికి వెతకలేదు. షెడ్డులో ఇనుము మోగినప్పుడల్లా ఫెలిమోన్ ఉన్నాడేమోనని ఆమె తల దానంతటదే అటు తిరుగుతోంది. మోత వెళ్లిపోతే ఆ తిరగడమూ పోతుందనుకుంది.

"సాయ్! అన్నం చల్లారిపోతోంది!"

"చల్లారనీ అమ్మా. ముందు నువ్విటు రా!"

రెమెదియోస్ షెడ్డులోకి వెళ్లింది. కూతురు దాలిసాయ్ జుట్టు నిండా సిమెంటు పొడి. తండ్రి దగ్గరే పడవ ఇంజన్లు, ఇనుప గేట్లు బాగుచేయడం నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పని ఒక్కతే నడుపుతోంది. వరద మరక కంటే బాగా పైన, గోడకి అడ్డంగా ఒక చెక్క బద్ద బిగించి ఉంది.

"ఏంటే ఇది?"

"మావయ్యకి జవాబు. దీని పై అంచు చూడు, గోడవైపు వాలుగా కోశాను. పనిముట్లుండే పలక వెనక ఇలాంటి బద్దే తలకిందులుగా కొట్టాను. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఎంత బరువేస్తే అంత గట్టిగా గోడని పట్టుకుంటుంది. ఇక్కడిదాకా నీళ్లు రావాలంటే సరస్సు నిచ్చెన తెచ్చుకోవాలి."

పలక తగిలించింది. దానిమీదికి సమ్మెట ఎక్కింది. పెద్ద పైపు రెంచీ ఎక్కింది. ఇంజన్లు పైకెత్తే గొలుసు కప్పీ ఎక్కించి చేయి తీసిందో లేదో, స్క్రూలు ప్లగ్గులతో సహా ఊడొచ్చాయి. బద్ద, పలక, ఇనుము అన్నీ దబ్బున కిందపడ్డాయి.

"కాలు!" అని అరిచింది రెమెదియోస్.

"ఉందమ్మా. వేళ్లు కూడా ఉన్నాయి, లెక్కపెట్టుకో."

"నవ్వకు! మీ నాన్న పోయింది చాలదా? శనివారం ఇవన్నీ జీపెక్కాల్సిందే. అంతే."

దాలిసాయ్ ముఖంలో నవ్వు పోయింది. "నన్ను కూడా ఎక్కించు మరి. ఇవి లేకపోతే ఇక్కడ నేనేం చెయ్యను?"

"మావయ్య పనిస్తానన్నాడుగా."

"ఇస్తాడు. ఆయనకి స్పానర్లు అందించే పని. నాన్నయితే నా పక్కన నిలబడి నాకే అందించేవాడు."

"గోడే నిలవనప్పుడు నన్నేం చెయ్యమంటావే?"

కూతురు గోడ దగ్గరికి వెళ్లింది. ఊడిన చోట వేలు పెట్టి చూసింది. "లోపలంతా డొల్ల" అంది మెల్లగా.

అవి బోలు సిమెంటు ఇటుకలు. డొల్లగానే ఉంటాయి. కానీ అంతటా కాదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు ఈ ఇంట్లో రెమెదియోస్ ఒక్కతే. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్తే చాలు, శనివారం దానంతటదే జరిగిపోతుంది.

వెళ్లింది. పొయ్యి ఆర్పింది. వెల్లుల్లి దంచే రోకలి పట్టుకుని మళ్లీ వచ్చింది.

గోడమీద ఒక్కోచోటే తట్టుకుంటూ నడిచింది. డొల్ల, డొల్ల, డొల్ల. ఒకచోట శబ్దం మూగబోయింది.

"ఇక్కడ గీత పెట్టు."

"నీకెలా తెలుసు?"

"పోసింది నేనే. అప్పట్లో సిమెంటు చాలక, ఇనుప ఊచ నిలబెట్టిన ఇటుకల బోలులోనే కాంక్రీటు నింపాం. మీ నాన్న ఇటుక పేర్చేవాడు. నేను పాలడబ్బాతో పోసి కర్రతో కూరేదాన్ని. సరిగ్గా కూరట్లేదని రోజూ నామీద కేకలే."

"కూరావా మరి?"

"కూరబట్టే పక్కవాళ్ల గోడ తుఫానుకి పడింది, ఇది పడలేదు. గీత పెట్టవే, కబుర్లు తర్వాత."

మధ్యాహ్నానికి, గీతలన్నింటినీ కలుపుతూ ఇంకా పొడవైన బద్ద గోడకెక్కింది. ప్రతి గీత దగ్గరా లావుపాటి బోల్టు దిగింది. షెడ్డంతా వెల్లుల్లి వాసన.

"నాన్న పరీక్ష" అంటూ దాలిసాయ్ చేతులు చాపింది. ఏది బిగించినా ఫెలిమోన్ ముందు తనే దానికి వేలాడేవాడు. నన్ను మొయ్యలేనిది నా సామానేం మోస్తుందనేవాడు.

"నువ్వు తప్పుకో. ఎండుచేపలా ఉన్నావు, నిన్ను చిన్న మేకు కూడా మోస్తుంది. ఈ ఇంట్లో బరువైనదాన్ని నేను."

రెమెదియోస్ బద్ద వెనక వాలు గాడిలో వేళ్లు దూర్చింది. కళ్లు మూసుకుంది. మోకాళ్లు మడిచి పాదాలు నేలమీంచి లేపింది.

గోడ కదల్లేదు. బద్ద కిర్రుమనలేదు. ఎప్పుడో పాలడబ్బాతో తను పోసినదంతా లోపల గట్టిగా నిలబడి, ఇప్పుడు తననే మోస్తోంది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కన్నీళ్లూ వచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"దిగమ్మా, ఇంక చాలు."

"ఉండవే కాసేపు."

దిగాక చూస్తే నల్ల గౌను ముందంతా తెల్లటి పొడి. దులుపుకోలేదు. "మావయ్యకి ఫోన్ చెయ్యి. శనివారం జీపు ఇంటిదగ్గరే పెట్టి, ఆకలితో రమ్మను. పాన్సిట్ నూడుల్స్ ఎక్కువ చేస్తున్నానని చెప్పు."

అన్నం మళ్లీ వేడిచేయడానికి ఆమె వంటింట్లోకి వెళ్లింది. మూకుడు పొయ్యిమీద పెడుతుండగా షెడ్డులో గొలుసు కప్పీ ఘల్లుమని గోడకెక్కింది. అలవాటుగా ఆమె తల అటు తిరిగింది.

ఈసారి అక్కడ మనిషి ఉంది, సాయ్.