నాలుగు గళ్లు

మధ్యాహ్నం పిల్లలు టిఫిన్ డబ్బాలు తెరిచేసరికి బడి నేల అదిరింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఊరి పక్కన ఉన్న గని లోపల ఎక్కడో రాయి పగిలినట్టుంది. ఏర్‌బ్లాస్ట్ అంటారు దాన్ని. తాయమ్మ నాన్న ఎల్లప్ప అప్పుడు గనిలోనే ఉన్నాడు.

తాయమ్మ గిరుక్కున గురువమ్మ వైపు తిరిగింది. గురువమ్మ పోయిన నెలే బైరకూరు నుంచి మామ ఇంటికి వచ్చి తాయమ్మ చదివే ఐదో తరగతిలో చేరింది.

"ఈమె బడికి వచ్చిన దినమే నేల అదురుతాది. మీరే చూడండి" అంది తాయమ్మ.

పిల్లలు డబ్బాలు తీసుకుని దూరం జరిగారు. గురువమ్మ తినకుండానే డబ్బా మూసేసింది.

సాయంత్రం నాన్న క్షేమంగా ఇల్లు చేరాడు. తాయమ్మ అనుమానం మాత్రం పోలేదు. మర్నాడు నోటుబుక్కులో మూడు తేదీలు రాసి ఓబలప్ప మేష్టరుకు చూపించింది.

"ఈ మూడు దినాలూ ఆమె వచ్చింది, అదిరింది సార్. వేరే క్లాసుకు పంపించండి."

"ఆమె వచ్చినా అదరని దినాలు యాడ?" అన్నాడు మేష్టరు.

"వాటితో ఏం పని సార్? ఏమీ కాలేదు కదా."

"ఆమె రాకపోయినా అదిరిన దినాలు?"

మేష్టరు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీశాడు.

"వచ్చింది, అదిరింది. వచ్చింది, అదరలేదు. రాలేదు, అదిరింది. రాలేదు, అదరలేదు. నెలంతా దినమూ ఒక గీత పెట్టు. నీకు ఇష్టం లేని గీత కూడా పెట్టాల."

తన మాటే నిజమవుతుందని తాయమ్మ గీతలు పెట్టడం మొదలుపెట్టింది. కానీ నిండుతున్నది ఆమె వచ్చినా అదరని రెండో గడి.

ఒక సోమవారం నుంచి గురువమ్మ బడికి రాలేదు. పక్కన ఎవరూ కూర్చోవడం లేదని ఏడ్చి ఊరికి పోయిందట. ఇంగ భయం లేదనుకుంది తాయమ్మ.

గురువారం పొద్దున జడ వేసుకుంటుంటే నేల అదిరి అటక మీది గిన్నెలు దబదబా కింద పడ్డాయి.

తాయమ్మ కాగితం తీసి పెన్సిల్ పట్టుకుంది. గీత పెట్టకపోతే ఎవరికీ తెలియదు. చివరికి మూడో గడిలో గీత పెట్టింది. అది అక్కడ మొదటిది కాదు. అంతకుముందు బడి లేని ఒక ఆదివారం కూడా అదిరింది.

మరుసటి వారం గురువమ్మ తిరిగి వచ్చి చివరి బెంచీలో ఒంటరిగా కూర్చుంది. తాయమ్మ కాగితం పట్టుకుని అందరి ముందు నిలబడింది.

"నేను చెప్పింది తప్పు. ఆమె లేని దినాలు కూడా అదిరింది. మీరే లెక్క చూసుకోండి."

కాగితం వాళ్ల చేతికిచ్చి, సంచీ తీసుకుని చివరి బెంచీకి నడిచింది. గురువమ్మ ఆమెను అనుమానంగా చూసింది.

"మళ్లీ అదిరితే?"

"అదురుతాది" అంది తాయమ్మ, పక్కన కూర్చుంటూ. "ఇద్దరమూ కలిసి బయటికి పరిగెత్తుదాం."