సున్నపురాయి గుంట దగ్గర ఓరిన్

మా హాలోవెల్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానం వెనక సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంట ఒకటుంది. నిండా నీళ్ళు. పందొమ్మిది వందల ఆరులో ఓరిన్ టాల్బట్ అనే విద్యార్థి అందులో పడిపోయాడు. గట్టు మీద టోపీ దొరికింది, శవం దొరకలేదు. చీకటిపడ్డాక ఆ దారిన వెళితే ఓరిన్ దయ్యమై కనిపించి బంతి అడుగుతాడని చెప్పుకునేవాళ్ళు.

నేను కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బూట్లు బాగుచేసేవాణ్ణి. మావాళ్ళని బంతి అడగాల్సిన పనేముంది? మా అమెరికా ఫుట్‌బాల్లో బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తాలి; వీళ్ళు చేతిలో పెట్టినా జారవిడిచే రకం.

మరుసటేడు వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడారు. కెప్టెన్ ప్రెస్కాట్ మిల్లు యజమాని కొడుకు. మీసానికి మైనం రాసుకోవడం మీదున్న శ్రద్ధ వాడికి ఆట మీద లేదు. గెలవడం చేతకాక, బొగ్గుగనిలో పనిచేసే ఈవన్ అనే కుర్రాణ్ణి తీసుకొచ్చాడు. విద్యార్థి కానివాడు ఆడకూడదు. అయితే రిజిస్టర్లో ఓరిన్ పేరు ఇంకా ఎవరూ కొట్టెయ్యలేదు... ఆ పేరే ఈవన్‌కి తగిలించారు.

"నిద్రలో ఓరిన్ అని పిలిచినా సరే, ఉన్నాను సార్ అనాలి. తెలిసిందా?" అని ప్రెస్కాట్ రోజూ వల్లె వేయించేవాడు.

"చచ్చిపోయినోడి పేరు కదా సార్..."

"అయితే? వాడొచ్చి అడుగుతాడా?"

ఆ తర్వాత రెండు మ్యాచ్‌లు గెలిచారు. ఓరిన్ టాల్బట్ పేరు పేపర్లో పడింది. ప్రెస్కాట్ మాత్రం తనే పరిగెత్తినట్టు ఛాతీ విరుచుకు తిరిగాడు.

ఆఖరి మ్యాచ్ ముందురోజు రాత్రి ప్రెస్కాట్ ఒక్కడే గుంట దారిన వస్తున్నాడట. పొగమంచు... గట్టు మీద ఎవరో కూర్చున్నారు. ఒళ్ళంతా తెల్లగా ఉంది. ఆ ఆకారం మెల్లగా లేచింది.

"ఓరిన్... ఓరిన్ ఎక్కడ?"

అంతే — మా వీరుడు ఒక బూటు బురదలో వదిలేసి హాస్టల్‌కి పరిగెత్తుకొచ్చాడు. నేను వరండాలో తెల్లారి ఆటకి బూట్లు కుడుతున్నాను. "ఓరిన్ వచ్చాడు... పేరు అడగడానికొచ్చాడు..." అంటూ కింది గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. మిగతా మల్లయోధులు మంచాల కింద చేరారు. ఈవన్ ఒక్కడే పైన అటకగదిలో నిద్రపోతున్నాడు.

వాకిట్లో అడుగులు... నేను దీపం ఎత్తాను.

ఒక ముసలాయన. కోటు నిండా సున్నపుదుమ్ము. ఒక చేతిలో ప్రెస్కాట్ బూటు, ఇంకో చేతిలో పేపరు ముక్క.

"ఈ బూటు ఎవరో బాబు పారేసుకున్నాడండీ," అన్నాడు మెల్లగా. "ఓరిన్ నా కొడుకు. పేపర్లో పేరు చూసి రైలెక్కేశాను. శవం దొరకలేదన్నారుగా... వాడు బతికే ఉంటాడని నేను అనుకుంటూనే ఉన్నాను."

ప్రెస్కాట్ తలుపు బాదాను.

"బయటికి రండి సార్. మీరు చేసిన పనికి మీరే జవాబు చెప్పండి."

లోపల గడియ కదల్లేదు. అంత అసహ్యం నాకు మరే మనిషి మీదా కలగలేదు.

ముసలాయన మెట్ల దగ్గరికెళ్ళి, ఇంట్లో భోజనానికి పిలిచినట్టు పిలిచాడు.

"ఓరిన్!"

పైనుంచి నిద్రమత్తులో, వెంటనే —

"ఉన్నాను సార్..."

ముసలాయన చేతిలోంచి బూటు జారిపోయింది. ముఖం వెలిగిపోయింది. ఈవన్ దీపం పట్టుకుని దిగుతున్నాడు. ముందు కాళ్ళు కనిపించాయి... తర్వాత చేతులు...

ముఖం కనిపించేదాకా ఆయన కొడుకు బతికే ఉన్నాడు.