కోటుకి రెండు చిల్లులు

"మీ హీరో తుపాకీ మీదున్న ఆ దుర్భిణి, యుద్ధం అయిపోయిన రెండేళ్లకి తయారైంది," అంటూ ఆమె స్క్రిప్టు మీద ఎర్ర చీటీ అతికించింది.

ఆ ఉదయానికి అది పద్నాలుగోది. రచయిత నుదురు రుద్దుకున్నాడు.

దాక్కుని గురిచూసి కాల్చే ఇద్దరు స్నైపర్లు మూడు రోజులు ఒకర్నొకరు వేటాడుకునే కథ అతనిది. అందులో చివరికి రెండోవాణ్ణి చంపే స్నైపర్ అతని సొంత తాతయ్యే. సినిమా మొదట్లో 'ఇది నిజంగా జరిగింది' అని వేస్తేనే తీస్తానన్నాడు నిర్మాత. అలా వేయాలంటే పాత రికార్డుల ఆఫీసులో పనిచేసే ఈ అమ్మాయి సంతకం కావాలి. తప్పయితే ఎర్ర చీటీ, అనుమానమయితే పసుపు, ఆధారం దొరికితే ఆకుపచ్చ. సినిమా యూనిట్ మొత్తం ఆమెను ఎర్రచీటీ మేడం అనే పిలుస్తుంది.

"ఆకుపచ్చవి అసలు కొన్నారా?"

"కొన్నాను. కట్ట విప్పే అవసరం రాలేదు."

ఆ మాటకి ఒళ్లు మండాలి. మండలేదు సరికదా, అన్నం తింటున్నా ఆ మొహమే గుర్తొచ్చింది. మూడో వారానికి పిచ్చి ముదిరి, ఆమె ఫోన్ చేస్తుందన్న ఆశతో కొన్ని తప్పులు కావాలనే రాయడం మొదలుపెట్టాడు. ఒక సీన్లో సైనికుడి చేతికి డిజిటల్ వాచీ కూడా తొడిగాడు. ఆ రోజు ఫోన్లో నలభై నిమిషాలు తిట్టింది. ఆ రాత్రి అతనికి హాయిగా నిద్రపట్టింది.

క్లైమాక్స్ దగ్గర మాత్రం ఆమె తిట్టలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

"అవతలి సైన్యం డైరీ దొరికింది. మీ తాతగారు గురిపెట్టి కూర్చున్న ఆ ఎదుటి గుట్టని వాళ్లు అంతకు ముందు వారమే ఖాళీ చేసి వెళ్లిపోయారు."

"అంటే మా తాతయ్య అబద్ధాలకోరా?"

"నేననలేదు. కాగితం అంది."

"తొంభై దాటిన మనిషండీ. ఈ సినిమా చూడాలనే మంచం దిగి తిరుగుతున్నాడు. సంతకం పెడితే మీ సొమ్మేం పోతుంది?"

"నా మాట పోతుంది."

ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ మోగలేదు. సినిమా పోయినా సర్దుకుంటాడేమో గానీ, తాతయ్య తలదించుకోవడం అతను చూడలేడు. ఈ అమ్మాయి మళ్లీ కనిపించకపోవడం కూడా భరించలేడు.

మూడో రోజు జోరువానలో, గొడుగు ఉండి కూడా సగం తడిసి, ఆమే అతని ఇంటికొచ్చింది.

"మీ తాతగార్నే అడుగుదాం. ఆ సీను అడక్కుండా తీసేసినా తప్పే, అడక్కుండా ఉంచినా తప్పే."

లోపల తాతయ్య, నానమ్మల ఎదుట కూర్చుని, డైరీలో ఉన్నది ఆమె నెమ్మదిగా చదివింది. తాతయ్య తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని రచయిత దగ్గరికెళ్లాడు. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నాడు.

"డెబ్బై ఏళ్లయింది, ఇన్నాళ్లకి ఒకళ్లు సరిగ్గా అడిగారు. నేను కాల్చింది కోటుని తల్లీ. ఎవడో తీగ మీద ఆరేసి మరిచిపోయాడు. గాలికి ఊగుతుంటే మనిషే అనుకున్నా. మూడు రోజులు తిండీ నిద్రా మాని కాల్చాను. పదకొండు తూటాలు, రెండు చిల్లులు."

"మరి అందరికీ ఆ కథ ఎందుకు చెప్పావు తాతయ్యా?"

"మొదట మీ నానమ్మకి చెప్పానురా. కోటుని చంపొచ్చానంటే ఏ పిల్ల చేసుకుంటుంది? ఆ తర్వాత వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది."

నానమ్మ లోపలికెళ్లి, చచ్చిన శత్రువుదని చెప్పి తాతయ్య యుద్ధం నుంచి తెచ్చిన పాత కోటుని బీరువాలోంచి తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ చిల్లులు కుట్టింది నేనేగా. నెత్తుటి చుక్క లేదు. ఆ మాత్రం తెలీదా?"

తాతయ్య నోరు తెరిచాడు. "తెలిసీ ఊరుకున్నావా?"

"చెప్పేటప్పుడు మీ మొహం అంత వెలిగిపోయేది. ఎందుకు చెడగొట్టడం అనుకున్నా."

ఎర్రచీటీ మేడం కోటు తిరగేసి, లోపలి గుడ్డ మీది సైనికుడి నంబరు చూసి, గబగబా డైరీ కాగితాలు తిప్పింది. "ఇదిగో, ఇదే నంబరు. కోటు పోగొట్టుకున్నందుకు ఈ సైనికుడితో వారం రోజులు గిన్నెలు తోమించారట. ఈ వాక్యం ఎందుకుందో నాకు అర్థం కాలేదు ఇన్నాళ్లూ."

"మొత్తానికి ఒక శత్రువుని దెబ్బతీశానన్నమాట," అన్నాడు తాతయ్య తృప్తిగా.

మనిషికీ కోటుకీ మధ్య మూడు రోజుల యుద్ధమని కొత్త క్లైమాక్స్ వినిపిస్తే నిర్మాత కుర్చీలోంచి జారేంత నవ్వి, వెంటనే ఒప్పుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఇంటి వరండాలో, చూరు నీళ్లు చూస్తున్న ఆమె పక్కకి రచయిత వచ్చి నిలబడ్డాడు.

"నేనూ ఒక నిజం చెప్పాలి. ఆ డిజిటల్ వాచీ..."

"కావాలనే పెట్టారు. తెలుసు."

"తెలిసీ నలభై నిమిషాలు తిట్టారా?"

"ఇరవై నిమిషాలకే అయిపోయింది. మిగతా ఇరవై ఊరికే మాట్లాడాలనిపించి తిట్టాను."

అతనికి ధైర్యమొచ్చింది. "మీరంటే నాకు ఇష్టం. తాతయ్యలా డెబ్బై ఏళ్లు దాచడం నావల్ల కాదు."

ఆమె సంచిలోంచి ఆకుపచ్చ చీటీల కట్ట తీసి, దాని మీది కాగితం చింపింది. మొదటి చీటీ అతని చొక్కా జేబు మీద అతికించి, ఊడిపోకుండా అరచేత్తో గట్టిగా అదిమింది.

ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.